ముక్క ఎత్తితే ముక్క దింపాలి

పిల్లలకి పోకెమాన్ ప్యాకెట్లు కొనిపెట్టడం మానేయండి. కార్డులు కొనద్దనడం లేదు, ప్యాకెట్లు కొనద్దంటున్నాను. ఈ రెండిటికీ తేడా తెలియకపోవడం వల్లే మన ఇళ్లలో డబ్బు పోతోంది. దాంతోపాటు పిల్లల్లో అప్పుడప్పుడే మొలుస్తున్న ఒక మంచి బుద్ధి కూడా పోతోంది. డబ్బు సంగతి సరే, మళ్లీ సంపాదించుకుంటాం. నా గోలంతా ఆ బుద్ధి గురించే.

ఈ మాట అనగానే రెండు వైపుల నుంచీ కోప్పడతారని తెలుసు. "అసలు ఆ కార్డులే దండగ, మళ్లీ వాటిలో మంచీ చెడూ ఒకటా" అని పెద్దవాళ్లు. "పిల్లాడు ముచ్చటపడితే నాలుగు ప్యాకెట్లు కొనలేమా" అని నాన్నలూ, బాబాయిలూ, అమెరికా మేనమామలూ. ఇద్దరితోనూ నాకు పేచీయే. ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను. ముందు ఈ ఆట ఏమిటో తెలియని అమ్మల కోసం నాలుగు మాటలు.

పోకెమాన్ కార్డుల ఆట 1996లో జపాన్‌లో పుట్టింది. 1999లో ఇంగ్లీషులో అమెరికాకి వచ్చింది. 2025 మార్చి నాటికి 7,500 కోట్లకు పైగా కార్డులు తయారయ్యాయని ఆ కంపెనీ లెక్క. మన పేకలాగా అందరికీ కలిపి ఒకే కట్ట ఉండదు. ఎవరి కట్ట వాళ్లే తయారు చేసుకుని తెచ్చుకోవాలి. దాన్నే డెక్ అంటారు. అందులో సరిగ్గా 60 కార్డులు ఉండాలి. 59 కుదరదు, 61 కుదరదు. ఒకే పేరున్న కార్డు 4కి మించకూడదు, మామూలు ఎనర్జీ కార్డులకి మాత్రం ఆ లెక్క లేదు. ఆట మొదట్లో 7 కార్డులు చేతిలోకి తీసుకుని, 6 కార్డులు ప్రైజులని పేరు పెట్టి బోర్లించి పక్కన పెడతారు. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడు మన ప్రైజుల్లోంచి ఒకటి తీసుకుంటాం. పేరు చివర 'ఎక్స్' ఉన్న పోకెమాన్‌ని పడగొడితే సాధారణంగా 2 తీసుకుంటాం. ఆరూ ముందు తీసేసుకున్నవాళ్లు గెలిచినట్టు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇంచుమించు మూడు నెలలకి ఒకసారి కొత్త కార్డుల సెట్టు విడుదలవుతుంది. అప్పుడే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "అమ్మా, కొత్తవి వచ్చాయి, నా డెక్ అప్‌డేట్ చేసుకోవాలి."

అప్‌డేట్ చేయడం అంటే కొనడం అని పిల్లలకి నేర్పింది మనమే. నిజానికి అందులో సగం తీసెయ్యడం. పెళ్లిళ్లలో తెల్లారేదాకా రమ్మీ ఆడిన అత్తయ్యలకీ పిన్నులకీ ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చేతిలో 13 ముక్కలుంటాయి. ఒకటి ఎత్తితే 14. పద్నాలుగుతో కూర్చుంటానంటే ఎవరూ ఒప్పుకోరు, ఒకటి దింపాలి. ఎత్తడం ఎవరికైనా వచ్చు. ఏ ముక్క దింపుతున్నారన్న దాంట్లోనే ఆడేవాళ్ల తెలివి తెలిసిపోతుంది. బీఏలో ఛందస్సు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు పద్యం కూడా గుర్తొస్తుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలే. ఎంత అందమైన మాట దొరికినా, దానికి చోటివ్వడానికి ఇంకో మాట పక్కకి తప్పుకోవాల్సిందే.

మా వాడి డెక్కే తీసుకుంటాను, ఉన్నదున్నట్టు చెప్పడం తేలిక. వాడు ఎనిమిదో తరగతి. వాడి డెక్ అంతా చారిజార్డ్ ఎక్స్ అనే కార్డు చుట్టూ తిరుగుతుంది. 2023 ఆగస్టులో అబ్సిడియన్ ఫ్లేమ్స్ అనే సెట్టులో వచ్చిందది. చిన్న చార్మాండర్ ఎదిగి చారిజార్డ్ ఎక్స్ అయినప్పుడు డెక్‌లోంచి నిప్పు ఎనర్జీలు 3 దాకా వెతికి తెచ్చి తగిలించుకోవచ్చు. దాని దెబ్బ 180. ఎదుటివాడు అప్పటికే తీసుకున్న ఒక్కో ప్రైజుకీ ఇంకో 30 కలుస్తుంది. అంటే మనం వెనకబడుతున్నకొద్దీ దాని బలం పెరుగుతుంది. ఓడిపోతున్న పిల్లాడికి ఆశ పెట్టే కార్డు. అందుకే వాడికి అదంటే ప్రాణం.

ఏడాది తిరిగేసరికి, 2024 ఆగస్టులో, ష్రౌడెడ్ ఫేబుల్ సెట్టులో డస్క్‌నోయర్ అనే కార్డు వచ్చింది. ఒంటికన్ను దెయ్యం. అది తనని తానే పడగొట్టుకుని ఎదుటివాళ్ల పోకెమాన్‌లలో ఒకదాని మీద 130 దెబ్బకి సరిపడా గుర్తులు పెడుతుంది. మన పోకెమాన్ పడిపోయింది కాబట్టి ఎదుటివాళ్లు ఒక ప్రైజు తీసుకుంటారు. వినగానే నష్టాల బేరంలా ఉంటుంది. చారిజార్డ్ పక్కన పెట్టి లెక్క వేస్తే తెలుస్తుంది అసలు సంగతి. ఆట మొదట్లో వాళ్లకి ఒక్క ప్రైజు వెళ్లిందనుకోండి, చారిజార్డ్ దెబ్బ 180 నుంచి 210 అవుతుంది. ముందు పడ్డ 130తో కలిపితే 340. 330 ప్రాణంతో నిక్షేపంగా నిలబడ్డ ఎక్స్ పోకెమాన్ కూడా ఒక్క వంతులో పడిపోతుంది. ఒకటి ఇచ్చి రెండు తీసుకున్నట్టు. పైగా మధ్య మెట్టు దాటించి నేరుగా పై మెట్టుకి ఎక్కించే రేర్ క్యాండీ అనే కార్డు ఈ రెండిటికీ పనికొస్తుంది.

ఇదంతా నాకు చెప్పింది వాడే. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నేను అడిగింది ఒక్కటే.

"ఎన్ని కార్డులు పెట్టాలి?"

"ఐదమ్మా. రెండు డస్కల్, ఒక డస్క్‌లాప్స్, రెండు డస్క్‌నోయర్."

"మరి ఏ ఐదు తీస్తావు?"

"అదే తెలీట్లేదు."

"తెలిసినరోజు అడుగు నాన్నా, కొంటాను."

వాడి మొహం చిన్నబోయింది. బోనివ్వండి. ఏ ఐదు తీస్తావన్నది మామూలు ప్రశ్న కాదు. ఎనర్జీలు తీసేస్తే చారిజార్డ్ వచ్చి వెతికినప్పుడు డెక్‌లో అవి దొరకవు. చార్మాండర్లు తగ్గిస్తే మొదటి 7 కార్డుల్లో మొదటి మెట్టు పోకెమాన్ ఒక్కటీ రాకపోవచ్చు. అలా రాకపోతే చేయి చూపించి మళ్లీ కలుపుకోవాలి, ఎదుటివాళ్లకి ఒక కార్డు ఎక్కువ తీసుకునే వీలు దొరుకుతుంది. రెండు పెట్టిన కార్డుని ఒకటి చేద్దామంటే దానికీ ఒక లెక్క ఉంది. పదో తరగతిలో సంభావ్యత పాఠం చదువుతున్న మా అమ్మాయి తమ్ముడికి అది వేసి చూపించింది. 60 కార్డుల్లో ఒకే ఒక్కటి పెడితే, మొదటి 7 కార్డుల్లో అది కనబడే అవకాశం నూటికి 12 లోపే. 2 పెడితే 22. 3 పెడితే 31 పైచిలుకు. 4 పెడితే 40కి దగ్గర. ఇంకో చిక్కు, ఒక్కటే పెట్టిన కార్డు 10 ఆటల్లో 1 ఆటలో ఆ 6 ప్రైజుల్లో బోర్లా పడి ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు ఎంత వెతికినా డెక్‌లో ఉండదు.

వాడు వారం రోజులు అక్కతో ఆడాడు. రఫ్ పుస్తకం వెనక ప్రతి ఆట తర్వాతా, ఏ కార్డు వాడకుండా చేతిలో మిగిలిపోయిందో రాసుకున్నాడు. ఆదివారం నాటికి ఐదు పేర్లు తేలాయి. అందులో ఒకటి వాడికి చాలా ఇష్టమైన బొమ్మ కార్డు. ఆ కార్డు దగ్గర ఒక పూటంతా తటపటాయించాడు. చివరికి తీసేశాడు. అప్పుడు ఐదు కార్డులు, అవే ఐదు, విడిగా కొన్నాం. అంతే ఖర్చు.

పద్నాలుగేళ్లు నిండని పిల్లాడు తన ఇష్టాన్నీ తన అవసరాన్నీ వేరు చేసి చూశాడు. ఏ ట్యూషన్‌లో నేర్పుతారండీ ఇది? ఈ బుద్ధినే ప్యాకెట్ చంపేస్తుందని నా వాదన.

ప్యాకెట్‌లో 10 కార్డులుంటాయి. ఏవో పైన రాయరు, చింపితే గానీ తెలియదు. అబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్టులో మొత్తం 230 కార్డులున్నాయి, ష్రౌడెడ్ ఫేబుల్‌లో 99. వాటిలో మీ పిల్లాడి డెక్‌కి కావలసింది ఒకటో రెండో రకాలు. అవి ఆ పదింటిలో ఉండాలని ఏముంది? 2024లో అమెరికాలో ఒక ప్యాకెట్ నాలుగున్నర డాలర్ల చుట్టూ ఉండేది. మెరుపులూ ప్రత్యేకమైన బొమ్మలూ ఉన్న అరుదైన రకం కావాలంటే తప్ప, ఆటకి పనికొచ్చే మామూలు డస్క్‌నోయర్ విడిగా కొంటే అందులో చిన్న భాగమే అవుతుంది. ఆటలో రెండిటి బలమూ ఒకటే. మెరిసే కార్డు ఒక దెబ్బ కూడా ఎక్కువ కొట్టదు.

మన చిన్నప్పుడు బడి ముందు కొట్లో ఒక అట్ట వేలాడుతుండేది. దానికి వరసగా మడిచిన చీటీలు అంటించి ఉండేవి. పావలా ఇచ్చి ఒకటి చింపితే బెలూనో బొంగరమో, ఎక్కువసార్లు ఏమీ లేదో. మన అమ్మలు దాన్ని లాటరీ అన్నారు, చీపురు తిరగేశారు. ఆన్‌లైన్‌లో డబ్బులు పెట్టి రమ్మీ ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధిస్తే, సంసారాలు నిలబడ్డాయని మనమే మెచ్చుకున్నాం. అదే చేత్తో పన్నెండేళ్ల పిల్లాడికి రంగు కాగితంలో చుట్టిన చీటీ ఇచ్చి, చింపు నాన్నా అదృష్టం చూద్దాం అంటున్నాం. వాడు చింపుతుంటే ఫోన్‌లో వీడియో కూడా తీస్తున్నాం!

రమ్మీలో కనీసం ముక్కలు వచ్చాక బుర్రకి పని ఉంటుంది. ప్యాకెట్ చింపడంలో ఆ పని కూడా లేదు. చింపడం, చూడటం, నిట్టూర్చడం, ఇంకోటి అడగడం. "నా డెక్‌కి ఏం లోటు?" అని ఆలోచించాల్సిన పిల్లాడు "ఈసారి ఏం వస్తుంది?" అని ఎదురుచూస్తాడు. మొదటి ప్రశ్నకి జవాబు వాడి బుర్రలోంచి రావాలి. రెండో ప్రశ్నకి జవాబు మన పర్సులోంచి వస్తుంది. ఒకసారి రెండోదానికి అలవాటుపడితే మొదటిది అడగడం మానేస్తారు. మా అపార్ట్‌మెంట్‌లోనే చూస్తున్నాను. బూట్ల పెట్టెల నిండా కార్డులున్న పిల్లలున్నారు. ఆడదామంటే సరైన 60 కార్డుల డెక్ ఒక్కటీ లేదు.

ఇక ఫ్యాన్సీ కొట్లలో వేలాడే చౌక ప్యాకెట్ల సంగతి సరేసరి. బంగారు రంగు రేకు కార్డులు, తప్పుల తడక స్పెల్లింగులు, కార్డు మీద ప్రాణం అంకె వేలల్లో! అవి అసలు ఈ ఆట కార్డులే కావు, ఏ పోటీలోనూ ఒప్పుకోరు. చవగ్గా వచ్చాయని మురిసిపోతే పిల్లాడు నలుగురిలో నవ్వులపాలవుతాడు.

ఇప్పుడు పెద్దవాళ్ల మాట. "ఇదంతా పేకాటే కదమ్మా" అంటారు మా అత్తయ్యగారు కూడా. అత్తయ్యగారూ, పందెం లేని ఆట ఇది. కార్డు మీద రాసిన నాలుగు వాక్యాలు శ్రద్ధగా చదవాలి, కూడికలు నోటితో చేయాలి, ఓడిపోతే చేయి కలిపి లేవాలి. అన్నిటినీ కలిపి దండగ అని కొట్టిపారేస్తే వచ్చే నష్టం ఏమిటంటే, పిల్లాడు మనతో ఆ విషయం మాట్లాడటం మానేస్తాడు. అప్పుడు వాడికి సలహా చెప్పేది పెట్టెలు పెట్టెలు చింపి కేకలు పెట్టే వీడియోల వాళ్లు. ఏది తీస్తావని వాళ్లు అడగరు. ఇంకేం కొంటావనే అడుగుతారు.

నాన్నల మాట ఇంకోరకం. "నెట్‌లో పోటీలు గెలిచిన డెక్ లిస్టులున్నాయి. అరవైకి అరవై అవే కొనేస్తే పోలా?" డబ్బుంటే కొనచ్చు. ఆ లిస్టు చూసి నేర్చుకోవడం కూడా మంచిదే. కానీ అది ఆ పోటీలో ఎదురయ్యే డెక్‌లని తలచుకుని ఎవరో కట్టుకున్నది. మీ వాడు ఆడేది అక్కతో, కింద ఫ్లోర్ పిల్లాడితో. వాళ్ల డెక్‌లని ఎలా తట్టుకోవాలో ఆ లిస్టుకి తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇన్నాళ్లూ తన చేత్తో సరిదిద్దుకుంటూ వచ్చిన డెక్ ఒక్కరోజులో పరాయిదైపోతుంది. గెలిస్తే లిస్టు గొప్ప, ఓడితే తన తప్పు. పిల్లాడికి మిగిలేది ఏమిటి?

నన్ను నిలదీయగల వాదన ఒకటుంది, దాచను. "విడిగా కొన్నా కంపెనీ గేలానికి చిక్కినట్టే కదా? ఏటా పాత కార్డులు చెల్లవంటారు కదా?" నిజమే. కార్డు అడుగున ఒక అక్షరం ఉంటుంది. స్టాండర్డ్ అనే పోటీల్లో ఏ అక్షరాలు చెల్లుతాయో వాళ్లే నిర్ణయిస్తారు. 2025 ఏప్రిల్‌లో ఎఫ్ అక్షరం వరస పక్కకి పోయింది. దాని తర్వాతి అక్షరం జీ, మా వాడి చారిజార్డ్ మీద ఉన్నది అదే. అమ్మకాలు పెంచుకోవడానికి ఇది బాగా పనికొస్తుందనడంలో నాకు సందేహం లేదు. అయితే ఆ నియమం ఆ పోటీల బల్లల దగ్గరే. మన భోజనాల బల్ల దగ్గర కాదు. పోటీల్లోనూ పాత కార్డులకి ఎక్స్‌పాండెడ్ అనే వేరే పద్ధతి ఉంది. పాత కార్డే కొత్త అక్షరంతో మళ్లీ అచ్చయితే, ఇంట్లో ఉన్న పాతది కూడా చెల్లుతుంది. ఇవేవీ తెలుసుకోకుండా "పాతదైపోయింది" అనే ఒక్క మాటకి భయపడి పెట్టెడు కొనేది మనమే. ఇష్టమైన డెక్ ముసలిదైపోదు. ఇంట్లో దాని ఆయుష్షు మన చేతిలోనే ఉంది.

"మరి ప్యాకెట్ చింపేటప్పుడు ఆ సరదా?" అంటారా. ఉంది, కాదనను. పుట్టినరోజుకి ఒకటి కొనండి, చింపి సంబరపడనివ్వండి. దాన్ని సరదా అనే పిలవండి. డెక్ అప్‌డేట్ అని మాత్రం అనకండి. జాతరలో రంగులరాట్నం ఎక్కించినట్టు అనుకోండి. రోజూ బడికి రంగులరాట్నం మీద పంపం కదా.

నేను చెప్పే పద్ధతి చిన్నదే. కొత్త సెట్టు వచ్చాక మొదటి వారం ఏమీ కొనకండి. కావలసిన కార్డు పేరు, అది చేసే పని కాగితం ముక్క మీద రాసి, పాత కార్డు ముందు పెట్టి కవరులో దూర్చమనండి. ఇంట్లో ఆడుకోవడానికి అది చాలు, పోటీలకి పనికిరాదంతే. అలా ఓ పది ఆటలు ఆడమనండి. ఆ కాగితం ముక్క నిజంగా అక్కరకొచ్చిందా, చేతిలో బరువుగా మిగిలిందా, వాడికే తెలుస్తుంది. పది ఆటల తర్వాత కూడా కావాలంటే, అప్పుడు విడిగా కొనండి. తీసేసిన కార్డులు పారేయనక్కర్లేదు. స్నేహితుడి దగ్గర మార్చుకోవచ్చు, చెల్లెలి కోసం రెండో డెక్ మొదలుపెట్టచ్చు.

ఒకసారికి ఐదారు కార్డులు మించి మార్చనివ్వకండి. పదిహేను మారిస్తే, తర్వాత గెలిచినా ఓడినా ఎందుకో తెలియదు. కూరలో ఉప్పు, కారం, పులుపు, మసాలా అన్నీ ఒకేసారి మార్చి, రుచి దేనివల్ల చెడిందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

దసరా సెలవులకో సంక్రాంతికో వచ్చే మేనమామలకీ బాబాయిలకీ ముందే ఫోన్ చేసి చెప్పండి. పెట్టెలు వద్దు, పిల్లాడు రాసిన చీటీలో ఉన్నవే తెమ్మనండి. చీటీలో రెండు వరసలుంటాయి. ఎడమవైపు పెట్టేవి, కుడివైపు తీసేవి. కుడివైపు వరస ఖాళీగా ఉంటే, ఏమీ తేవద్దనండి. వట్టి చేతులతో వచ్చి, వాడి ఎదురుగా కూర్చుని రెండు ఆటలు ఆడి వెళ్లమనండి.